తేనీటి లక్షణము

వ్యావహారిక భాషావాదమునకు ఉత్తరాంధ్రము పట్టుగొమ్మ. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. గురజాడ అప్పారావుగారికి విజయనగరము కార్యక్షేత్రము. లక్షణమునకును ప్రయోగమునకును ఇంత వాదము నడచిన గడ్డపై తేనీరు మాత్రము నిర్వివాదముగ నుండునా?

మా ఉపాధ్యాయుల గదిలో పక్షములు రెండు. నీటిలో పొడి కాచి, వడగట్టి, ఆ డికాషనునకు పాలు చేర్చవలెనని ఒక పక్షము. పాలు, నీళ్లు, పొడి, పంచదార ఒకే గిన్నెలో పొంగవలెనని రెండవది.

“మేష్టారూ, మీది టీ కాదండి, బాలింతకిచ్చే కషాయం!”

“మీది మాత్రం? పొడి రాలిన పాయసం!”

ఈ జగడము మనకే పరిమితము కాదు. ఆంగ్ల రచయిత జార్జి ఆర్వెల్ 1946లో తేనీటికి పదునొకండు సూత్రములు విధించెను. ముందు టీ, పిదప పాలు, పంచదార నిషిద్ధము. ఇంగ్లండులోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీవారు 2003లో దానిని త్రోసిపుచ్చి, పాలే ముందనిరి: మరుగు టీలో పడిన కొద్దిపాటి పాల మాంసకృత్తులు ఆ వేడికి చెడునట. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషముల నాన అని ఒక అంతర్జాతీయ ప్రమాణము సైతము కలదు. అది రుచులను సరిపోల్చు పరీక్షకులకు. మన బడ్డీవానికి కాదు. ఆరు నిమిషములలో అతడు ఇరువది గ్లాసులు నింపును.

నా మొగ్గు రెండవ పక్షమునకే. కారణము పొడిలోనే యున్నది. 1930ల నాట అస్సాములో ఆకును నలిపి, చించి, గుళికలుగ చుట్టు యంత్రము వచ్చెను. ఆ గుళికలు త్వరగా రంగును, వగరును దింపును. ఆ వగరును పాల మాంసకృత్తులే పట్టి అణచును. నిండు ఆకును ఇట్లు కాచినచో చేదు తప్ప మిగులునది లేదు.

అస్సామనగానే మరియొకటి చెప్పవలసియున్నది. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి నాటి గంజాం, విశాఖపట్టణం జిల్లాల కూలీలు అక్కడి తోటలకు పోయిరి. గడువు తీరకమున్నే తోట విడిచిన కూలీని యజమాని తానే నిర్బంధింపగల అధికారము 1908 వరకు చట్టమున నుండెను. వారి సంతతివారు నేటికిని అక్కడ కలరు. ఆ తోటల కూలీలు పాలు లేని డికాషనులో పంచదారకు బదులు ఉప్పు వేసికొని త్రాగుదురు. దానిని ఏ పక్షమున చేర్చుదురో మా గదివారిని అడుగవలసియున్నది.