గుత్తిలో మన్రో లేడు

గుత్తి కోట ఎక్కే దారి మొదట్లో తెల్లదొరల సమాధులున్నాయి. ఇంగ్లండు పల్లెల్లో పాత చర్చిల చుట్టూ ఊరివాళ్ళను పూడ్చేవారు. ఇక్కడ కోటగోడ నీడే ఆ చోటైంది. కర్నూలు, కడప వైపు నుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళు అడిగేది ఒకప్పటి మద్రాసు గవర్నరు మన్రో గురించే. పిల్లలకు మండ్రోలయ్య అని పేర్లు పెట్టుకున్న సీమలో ఆయన మీద కథలకు కొదవేముంది!

అపోహ: మన్రో దొర ఇక్కడే మట్టిలో కలిసిపోయాడు.

వాస్తవం: ఆయన శవం ఇక్కడున్నది నాలుగేళ్ళే. 1827 జులై 6న పత్తికొండ మకాంలో పొద్దున కలరా సోకింది, సాయంత్రానికి ప్రాణం పోయింది. శవాన్ని గుత్తికి తెచ్చి పూడ్చారు. 1831లో అవశేషాలను బయటికి తీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆ చర్చి 1680 నాటిది. రాబర్ట్ క్లైవు పెళ్ళి జరిగిందీ అందులోనే. పత్తికొండలో మాత్రం సర్కారు ఆయన గుర్తుగా రాతి మెట్ల బావి తవ్వించి, చెట్ల తోపు వేయించింది. వాన మొహం చూడని నేలకు మద్రాసులో నిలబెట్టిన గుర్రపు విగ్రహం కంటే ఆ బావే మేలని నా లెక్క.

అపోహ: బళ్ళారి కలెక్టరుగా ఉండగా చనిపోయాడు.

వాస్తవం: 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్త మండలాలన్నిటికీ ఆయన ప్రధాన కలెక్టరు. 1807లో వెళ్ళిపోయాడు. ఆ మండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీసింది 1808లో. చనిపోయేనాటికి మద్రాసు గవర్నరు; స్వదేశం వెళ్ళేముందు పాత జనాన్ని ఒకసారి చూసిపోదామని వచ్చాడు.

అపోహ: కడప జిల్లా గండిలో, పాపఘ్ని మీద ఆంజనేయుడి క్షేత్రం దగ్గర, కొండల మధ్య మన్రోకు బంగారు తోరణం కనబడింది. అది కనబడ్డవాళ్ళు ఎక్కువ రోజులు బతకరు కాబట్టే పోయాడు.

వాస్తవం: కథ చక్కనిది, చెప్పుకోవచ్చు. చంపింది మాత్రం కలరా. 1817లో బెంగాల్లో విజృంభించాక ఆ జబ్బు దండు మకాములను, తిరునాళ్ళను ఏళ్ళ తరబడి పీడించింది.

అపోహ: దొర గదా, మతం మార్చడానికే వచ్చుంటాడు.

వాస్తవం: బళ్ళారి సబ్‌కలెక్టరు ఒకరు మత ప్రచారానికి దిగితే, 1822లో గవర్నరు హోదాలో ఆ పనిని తప్పుపట్టింది మన్రోయే. అలాగని ధర్మాత్ముడేం కాదు. పాళెగాళ్ళను అణిచి, కంపెనీకి శిస్తు రాబట్టడమే ఆయన కొలువు.

అపోహ: దొరల సమాధుల కింద బంగారముంటుంది.

వాస్తవం: గుప్తనిధుల పిచ్చి మన సీమలో రాతి నందులనే వదల్లేదు, సమాధులనేం వదుల్తుంది! క్రైస్తవుల ఖననంలో శవంతో పాటు నిధి పెట్టే ఆచారం లేదు. పైగా గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.