పక్షుల లెక్క తేలింది, నేల లెక్కే తేలలేదు

రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో బట్టమేక పక్షులను లెక్కించడం తలలు లెక్కపెట్టినంత సులభం కాదు. ఎడారి పటాన్ని ముందుగా 144 చదరపు కిలోమీటర్ల గళ్లుగా విభజిస్తారు. ఒక్కొక్క గడిలో ఒక బృందం మట్టిబాటల వెంట పదిహేను, ఇరవై కిలోమీటర్ల మేర వాహనంలో నెమ్మదిగా సాగుతుంది. పక్షి కనిపించిన చోటు, బాట నుంచి దాని దూరం, అక్కడి గడ్డి తీరు, చుట్టుపక్కల పొలాలు, పశువులు, కుక్కలు, విద్యుత్ తీగలు అన్నీ పట్టికకు ఎక్కుతాయి. కంటబడిన పక్షులను ఆధారం చేసుకొని కంటబడని వాటిని గణితశాస్త్ర సూత్రాలతో అంచనా కడతారు. ఈ పద్ధతిలో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు, రాజస్థాన్ అటవీ సిబ్బంది 2017-18లో తేల్చిన సంఖ్య 128. అటూ ఇటూగా 19 వరకు తేడా ఉండవచ్చునని వారే చెప్పారు.

దేశం మొత్తం మీద చూసినా పరిస్థితి ఇంతకంటే ఆశాజనకంగా లేదు. 1969లో పక్షిశాస్త్రజ్ఞుడు ధర్మకుమార్‌సింహ్‌జీ వేసిన అంచనా ప్రకారం దేశంలో 1,260 బట్టమేక పక్షులు ఉండేవి. 2018 నాటికి అవి 150కి పడిపోయాయి. అర్ధ శతాబ్దంలో ఎనిమిదింట ఏడు వంతులు కనుమరుగయ్యాయన్న మాట. ఈ కాలమంతా ఆ పక్షికి చట్టం అండ లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని మొదటి షెడ్యూలులో చేర్చింది. 1980లో జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాలలో 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానం ఏర్పడింది. రాజస్థాన్ ప్రభుత్వం దీనిని తమ రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. జాతీయ పక్షిని ఎంపిక చేసే సందర్భంలో సలీం అలీ సూచించిన పేరు కూడా ఇదే. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది.

చట్టం, అభయారణ్యం, ప్రభుత్వ గౌరవం అన్నీ ఉండి కూడా పక్షి ఎందుకు తరిగిపోయిందన్న ప్రశ్నకు సమాధానం పక్షుల పట్టికలో దొరకదు. భూముల పట్టికలో వెదకాలి.

బంజరు అన్న ముద్ర

బట్టమేక పక్షి చెట్టు మీద వాలదు. దట్టమైన అడవిలో ఉండదు. మీటరు ఎత్తు, మగపక్షి అయితే 15 కిలోల వరకు బరువు తూగే ఈ పక్షికి కనుచూపు మేర విస్తరించిన గడ్డి నేల కావాలి. మిడతలు, పురుగులు, తొండలు, రేగుపండ్లు, రాలిన గింజలు దాని ఆహారం. సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. అదీ గూడు కట్టకుండా నేల మీదనే. వాన తక్కువైన చోట రైతు వేసే మెట్ట పంటలతో, గొర్రెల మందలతో అది తరతరాలుగా సర్దుకుపోయింది.

అటువంటి నేలకు ప్రభుత్వ దస్త్రాలలో దక్కిన పేరు బంజరు. పన్ను రాని భూమిని వ్యర్థమైన భూమిగా చూడటం బ్రిటిష్ రెవెన్యూ పాలన నాటి అలవాటు. స్వాతంత్ర్యం తరువాత ఆ దృష్టి మారలేదు. హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కోసం 2000 సంవత్సరం నుంచి రూపొందిస్తున్న బంజరు భూముల అట్లాసులలో పొదల భూములు, ఎడారి నేలలు ఆ కోవలోనే చేరాయి. బంజరు అని ముద్ర పడిన భూమిని ఏదో ఒక పనికి వినియోగించడమే అభివృద్ధి అవుతుంది. కాలువ నీరు పారించినా, చెట్లు నాటినా, సౌర ఫలకాలు పరచినా అభ్యంతరం చెప్పేవారు ఉండరు. అక్కడ గడ్డి ఉండేదనీ, ఆ గడ్డిని నమ్ముకొని పశువులూ పక్షులూ బతికేవనీ ఏ కాలమ్‌లోనూ నమోదు కాదు.

రోళ్లపాడు చెప్పే పాఠం

దీనికి తెలుగునాట కూడా సాక్ష్యం ఉంది. నాటి కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు వద్ద 1988లో బట్టమేక పక్షి కోసమే అభయారణ్యం ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ మకాం వేసి పక్షి జీవనాన్ని అధ్యయనం చేశారు. అయితే కంచెలోపలి గడ్డితోనే పక్షికి జీవనం గడవదు. చుట్టూ ఉన్న మెట్ట పొలాలు కూడా దానికి అంతే అవసరం. సాగునీరు విస్తరించి, మెట్ట పంటల స్థానంలో నీటి పంటలు వచ్చిన కొద్దీ ఆ పొలాలు పక్షికి కొరగాకుండా పోయాయి. మరోవంక రక్షణ దొరికిన కృష్ణజింకలు వృద్ధి చెంది పైర్ల మీద పడటంతో అభయారణ్యం అంటేనే రైతులకు విముఖత ఏర్పడింది. నీరు కోరుకున్న రైతును తప్పుపట్టడానికి లేదు. అతని పొలాన్ని కూడా పక్షి నివాసంగా గుర్తించి, అందుకు తగిన ప్రతిఫలం ముట్టజెప్పే ఏర్పాటు లేకపోవడమే అసలు లోపం. నేడు అభయారణ్యం పేరు మిగిలింది, పక్షి దాదాపుగా మాయమైంది.

తీగల నీడలో

థార్‌లో ఇప్పుడు పొంచి ఉన్న ముప్పు మరింత చిక్కైనది. బట్టమేక పక్షికి ఎదుటి చూపు తక్కువ. శరీరం బరువైనది. ఎగురుతుండగా అడ్డువచ్చిన తీగను ఆఖరి క్షణంలో తప్పించుకోలేదు. భారత వన్యప్రాణి సంస్థ థార్‌లో తీగల కింద పడి ఉన్న పక్షుల కళేబరాలను వెదకి లెక్కించింది. 4,200 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఏటా సుమారు 84,000 పక్షులు తీగల కారణంగా చనిపోతున్నాయని అంచనా వేసింది. వాటిలో బట్టమేక పక్షులు ఏటా 18 వరకు ఉండవచ్చునని పేర్కొంది. 128 పక్షులలో 18 పోవడం ఎంత నష్టమో, ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జాతి ఆ నష్టాన్ని ఎంతమాత్రం పూడ్చుకోగలదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ తీగలలో అధిక భాగం మోస్తున్నది సౌర, పవన విద్యుత్తును. 2030 నాటికి శిలాజేతర ఇంధనాల ద్వారా 500 గిగావాట్ల సామర్థ్యం సాధించాలన్నది దేశం ప్రకటించుకున్న లక్ష్యం. ఎండ, గాలి, విశాలమైన భూమి మూడూ ఒక్కచోట లభించే పశ్చిమ రాజస్థాన్ లేకుండా ఆ లక్ష్యం నెరవేరదు. బొగ్గు పొగ తగ్గించడమూ పర్యావరణ పరిరక్షణే. కనుకనే ఈ వివాదంలో ఏ ఒక్క పక్షాన్నీ దోషిగా నిలబెట్టడానికి వీలులేకుండా పోయింది.

న్యాయస్థానంలో మూడు మలుపులు

విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి, 1972 చట్ట రూపకర్తలలో ఒకరైన ఎం.కె. రంజిత్‌సిన్హ్ ప్రభృతులు 2019లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. రాజస్థాన్, గుజరాత్‌లలోని పక్షి నివాస ప్రాంతాలలో తీగలను సాధ్యమైన చోట భూగర్భంలో వేయాలని, మిగిలినవాటికి పక్షులను హెచ్చరించే బిళ్లలు అమర్చాలని 2021 ఏప్రిల్‌లో ఆదేశాలు వెలువడ్డాయి. ఆ పరిధి సుమారు 99,000 చదరపు కిలోమీటర్లు. అధిక వోల్టేజి తీగలను ఇంత మేర పాతిపెట్టడం సాంకేతికంగా అసాధ్యమని, ఖర్చు భరించలేమని కేంద్రం విన్నవించింది. 2024 మార్చిలో న్యాయస్థానం ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల సంఘాన్ని నియమించింది. వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం కూడా పౌరుల హక్కేనని ఆ తీర్పులోనే స్పష్టం చేసింది.

2025 డిసెంబర్‌లో ఆ సంఘం సిఫారసులను కోర్టు ఆమోదించింది. రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లను ప్రాధాన్య ప్రాంతంగా నిర్ధారించింది. అక్కడ కొత్త గాలిమరలకు, రెండు మెగావాట్లకు మించిన కొత్త సౌర కేంద్రాలకు అనుమతి ఉండదు. కంపెనీల సామాజిక బాధ్యతలో పర్యావరణ బాధ్యత కూడా ఇమిడి ఉందని ధర్మాసనం వ్యాఖ్యానించింది. విస్తీర్ణం దాదాపు ఏడో వంతుకు కుదిరినా, ఏది పక్షి నేల అన్నది ఈసారి హద్దులతో సహా తేలడం చెప్పుకోదగిన ముందడుగు.

రాబందులకు మందు దొరికింది కానీ

పక్షుల సర్వేలు వృథా కావనడానికి దక్షిణాసియాలోనే నిదర్శనం ఉంది. రహదారుల వెంట పదే పదే జరిపిన గణనలలో 1992, 2007 మధ్య భారతదేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా నశించాయని వెల్లడైంది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందే కారణమని పాకిస్థాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. 2006లో భారత్, పాకిస్థాన్, నేపాల్ దానిని పశువైద్యంలో నిషేధించాయి. అక్కడ తొలగించవలసినది ఒక్క మందు. బట్టమేక పక్షి విషయంలో మార్చవలసినది భూమిని చూసే దృష్టి. అది ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని కాదు.

ఈలోగా జైసల్మేర్ జిల్లా సమ్, రామ్‌దేవ్‌రా కేంద్రాలలో మరో ప్రయత్నం సాగుతోంది. అడవి నుంచి తెచ్చిన గుడ్లను 2019 నుంచి పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా కూడా పిల్ల జన్మించింది. కేంద్రాలలో పెరుగుతున్న పక్షుల సంఖ్య 60 దాటింది. జాతి పూర్తిగా అంతరించిపోదన్న ధైర్యాన్ని ఈ కృషి ఇచ్చింది.

కాని పంజరంలో పెరిగిన పక్షిని చివరకు గడ్డి నేలకే తిరిగి పంపాలి. అందుకు తీగలు అడ్డురాని ఆకాశం కావాలి. ఊరకుక్కలు గుడ్లు ఎత్తుకుపోని నేల కావాలి. ఓరణ్‌ల పేరిట దేవుని భూములుగా గ్రామస్థులు శతాబ్దాలుగా కాపాడుకొస్తున్న పచ్చిక బయళ్లు రెవెన్యూ దస్త్రాలలో బంజరుగా గాక తమ పేరుతోనే నమోదు కావాలి. వాటిలో మందలు మేపుకునే కాపరులకు ఆ నేల మీద హక్కు నిలవాలి. పక్షులను వదిలే రోజు వచ్చేసరికి ఆ నేల సిద్ధంగా ఉంటుందా లేదా అన్నది జైసల్మేర్‌లోని శాస్త్రజ్ఞుల చేతిలో లేదు, భూమి లెక్కలు రాసేవారి చేతిలో ఉంది.