పోపులపెట్టె పాఠాలు!

గుప్పెడు ఆవాలు చేతిలో పోసి వాసన చూడమంటే, పిల్లలు ‘ఏమీ లేదే’ అంటారు. అవే ఆవాలను కాసిని నీళ్లతో నూరి కాస్త దూరంగా పట్టుకుంటే చాలు... ముక్కు అదిరిపోతుంది! ఎందుకలా?

ఆవగింజలో ఘాటుకి మూలమైన పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైము మరోచోట ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితేనే రెండూ కలుస్తాయి. అప్పుడే ఘాటు పుడుతుంది. వేడి ఎక్కువైతే ఎంజైము పనిచేయదు. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో పనసపొట్టు కూర దించాకే ఆవ పెట్టడంలో కిటుకు ఇదే.

రెండు గ్లాసుల్లో పసుపు నీళ్లు కలపండి. ఒకదాంట్లో సబ్బునీళ్లు పోస్తే ఎర్రగా మారతాయి. నిమ్మరసం పిండుతూ పోతే మళ్లీ పసుపు రంగే! దిష్టి తీసే ఎర్రనీళ్ల గుట్టూ అదే. అందులో సబ్బుకి బదులు సున్నం ఉంటుంది. అలాగని పిల్లలకి సున్నం ఇవ్వకూడదు. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఉద్దానం కొబ్బరి పేరు తెలియనిదెవరికి? ఆ నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలం పొద్దున్నే చిన్న ముద్ద అరచేతిలో పెడితే, ఒంటి వేడికి కరిగిపోతుంది. ఘనం, ద్రవం అంటే ఏమిటో పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది.

మూడేళ్ల వాళ్లకైతే తడిమి చెప్పే ఆట. కళ్లు మూసుకుని చోడిపిండి, బియ్యం, బెల్లంముక్క... ఏది మెత్తన, ఏది గరుకు, ఏది జిగురు? 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి ఆటపాటలతోనే చదువు చెప్పమంటోంది.

జాగ్రత్తలూ ముఖ్యమే. నూరడం, పొయ్యి పని పెద్దవాళ్లే చూసుకోవాలి. ఆవ ముట్టుకున్న చేతులు కంటికి తగలకముందే కడిగించాలి. వేరుశనగలు, చింతపిక్కల్లాంటివి పసివాళ్ల గొంతులోనో ముక్కులోనో ఇరుక్కోవచ్చు. వాటితో ఒంటరిగా వదలొద్దు. పలాస వైపు ఇళ్లలో పచ్చి జీడిపిక్కలు అందుబాటులో ఉంచొద్దు. పెంకులోని జీడి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం... జవాబు ముందే చెప్పేయకపోవడం. ‘ఏమవుతుందనుకుంటున్నావు?’ అని అడగండి. తప్పు చెప్పినా ఫరవాలేదు, చేసి చూడనివ్వండి. అనుకున్నదొకటి, అయిందొకటి అయినప్పుడే ‘ఎందుకు?’ అన్న ప్రశ్న పుడుతుంది. సైన్సు మొదలయ్యేది అక్కడే!