సరిహద్దులు దాటే మందులు

అమెరికాలోని బిడ్డలను చూడడానికి స్వదేశం నుండి బయలుదేరే తల్లిదండ్రుల సామానులో ఆవకాయ, కందిపొడితోపాటు మందుల సంచి ఒకటి తప్పక ఉంటుంది. రక్తపోటుకు, మధుమేహానికి, మోకాళ్ళ నొప్పులకు, నిద్రకు అందులో వేరువేరు మాత్రలు ఉంటాయి. సందర్శకులకు సాధారణంగా ఆరు నెలల వరకు ఉండే అనుమతి లభిస్తుంది గనుక అన్నాళ్ళకూ సరిపడా మందులు ఒకేసారి కొని, చోటు కలిసివస్తుందని డబ్బాలు పారవేసి, మాత్రలన్నిటినీ ఒకే సంచిలో కలిపి తెచ్చుకొనేవారు ఉన్నారు. ఇందువల్ల చట్టపరమైన చిక్కులే కాక, ప్రాణానికి ముప్పు కూడా కలుగవచ్చు.

తొంభై రోజుల పరిమితి

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం విదేశీ సందర్శకులు సొంత వాడకానికి 90 రోజులకు సరిపడా మందులు వెంట తెచ్చుకోవచ్చు. అంతకు మించి ఉండదలచినవారు మిగిలిన మందులను తరువాత తపాలా ద్వారా తెప్పించుకొనే వీలుంది. ఆ పొట్లంలో వీసా, పాస్‌పోర్టు నకళ్ళు, వైద్యుని లేఖ, ఆంగ్లంలో వ్రాసిన మందుల చీటీ నకలు జతపరచాలి. పొట్లం తనిఖీలో ఆలస్యం కావచ్చు. కనుక మందులు నిండుకొనే వరకు ఆగక, నెల రోజుల ముందుగానే పంపించే ఏర్పాటు చేసుకోవడం మేలు. నియంత్రిత ఔషధాలను మాత్రం ఇలా తపాలాలో తెప్పించరాదు.

దేశానికొక చట్టం

మత్తు కలిగించే ఔషధాలపై 1961లోను, మనసుపై ప్రభావం చూపే ఔషధాలపై 1971లోను అంతర్జాతీయ ఒప్పందాలు కుదిరాయి. వాటికి లోబడి ప్రతి దేశమూ తన చట్టాన్ని మరింత కఠినం చేసుకోవచ్చు. అందువల్లనే ఒకే మాత్ర ఒకచోట సాధారణ ఔషధంగా, మరొకచోట నిషిద్ధ పదార్థంగా పరిగణింపబడుతుంది.

కొన్ని దగ్గు మందులలో ఉండే కోడీన్‌లో కొంత భాగాన్ని మన కాలేయం మార్ఫిన్‌గా మారుస్తుంది. దానిపై ఆంక్షలకు కారణం ఇదే. నొప్పులకు వాడే ట్రమడాల్‌ను అమెరికా 2014లో, భారతదేశం 2018లో నియంత్రిత ఔషధాల జాబితాలో చేర్చాయి. నిద్రకోసం పెద్దలు వేసుకొనే ఆల్‌ప్రజొలామ్ కూడా అమెరికాలో ఆ కోవలోనిదే. ఇటువంటి వాటిని అసలు డబ్బాలోనే ఉంచి, కస్టమ్స్ అధికారికి స్వయంగా తెలియజేయాలి.

దారిలో దుబాయిలో దిగి నాలుగు రోజులు గడపదలచినవారికి ఆ దేశపు నియమాలు కూడా వర్తిస్తాయి. కోడీన్, ట్రమడాల్ వంటి వాటికి అక్కడి ప్రభుత్వ అనుమతిని ముందుగా పొందాలి. మన వంటింటి గసగసాలు సైతం అక్కడ నిషిద్ధమే. అవి నల్లమందు మొక్క గింజలు కావడమే అందుకు కారణం.

పేరులో తేడా, కొలతలో తేడా

మనం పారాసెటమాల్ అనేదే అమెరికాలో అసిటమినోఫెన్. ఈ సంగతి తెలియక వెంట తెచ్చుకొన్న డోలోతోపాటు ఇక్కడి టైలెనాల్ కూడా వేసుకొంటే మోతాదు రెట్టింపై కాలేయానికి హాని కలుగుతుంది. ఉబ్బసానికి వాడే సాల్బ్యుటమాల్ ఇక్కడ ఆల్బ్యుటరాల్‌గా దొరుకుతుంది.

ఇన్సులిన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. భారతదేశంలో విరివిగా అమ్మే సీసాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. అమెరికాలో సాధారణంగా దొరికేది 100 యూనిట్లది. సిరంజిపై గీతలు కూడా ఆయా బలాలకు తగినట్లే ఉంటాయి. స్వదేశపు 40 యూనిట్ల సిరంజితో ఇక్కడి ఇన్సులిన్‌ను 20 గీత వరకు తీసుకొంటే శరీరంలోకి వెళ్ళేది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు! రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. సీసా మారితే సిరంజి కూడా మారాలి.

ఇన్సులిన్ ప్రోటీను గనుక గడ్డకడితే దాని నిర్మాణం చెడుతుంది. కరిగిన తరువాత చూపునకు బాగానే ఉన్నా వాడరాదు. విమానపు సామాను గదిలో చలి ఎక్కువ కావచ్చు కనుక దీనిని చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ద్రవాలపై ఉన్న 100 మిల్లీలీటర్ల పరిమితి అవసరమైన మందులకు వర్తించదు. తనిఖీ వేళ వాటిని వేరుగా చూపితే చాలు.

బయలుదేరే ముందు

ప్రయాణానికి నెల రోజుల ముందే వైద్యుని వద్ద ఆంగ్లంలో ఒక లేఖ తీసుకోవాలి. అందులో రోగం, మందు రసాయన నామం, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు అన్న వివరాలు ఉండాలి. వ్యాపార నామం ఒక్కటే చాలదు. మందులు అసలు డబ్బాలలోనే, కొన్న రసీదులతో సహా ఉండాలి. నియమాలు మారుతూ ఉంటాయి కనుక దిగబోయే ప్రతి దేశపు రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. లేఖ నకలు ఒకటి ఇక్కడి బిడ్డల వద్ద కూడా ఉంటే, అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చినప్పుడు నాన్నగారు ఏ మందులు వాడుతున్నారో డాక్టరుకు వెంటనే చెప్పగలుగుతారు.