గేటు బయట

2020 మార్చి 24 రాత్రి, 21 రోజులు ఎవరూ ఇల్లు దాటవద్దన్న ఆజ్ఞ వెలువడింది. తెగులు వేళ పాలకులకు అలా చెప్పక తప్పదు. మరి ఇల్లే లేనివారి సంగతేమిటి? నిజామాబాదులో మేమూ మందిరానికి తాళం వేసి, ఆరాధనను ఫోన్లలోకి మార్చుకున్నాం. రోజూ మా వరండాలో పడుకునే వృద్ధుడు గేటు బయటే ఉండిపోయాడని మూడో రోజుకు గాని మాకు తట్టలేదు. కాపరులమని పేరు! అప్పటికే ఎదురింటి ముస్లిం కుటుంబం అతనికి అన్నం పెడుతోంది. 2015లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి జీతాలు పోయిన బోధన్ విశ్వాసులు బియ్యం పంపారు.

పొరుగునే ఉన్న డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ స్థాపించిన కుష్ఠురోగుల ఆసుపత్రికి కూడా సొమ్మిచ్చింది నర్సాగౌడ్ అనే హైందవ సోదరుడే.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు కుష్ఠురోగిని ముట్టి స్వస్థపరిచాడు. పాళెం వెలుపల బతికినవాడు ఊళ్లోకి వెళ్లాడు. ప్రభువు మాత్రం ఊరి వెలుపల అరణ్యస్థలాల్లో ఉండవలసి వచ్చింది.

నాలుగో రోజున తాళంచెవి పట్టుకొని వెళ్లి, ‘లోపలికి రా తాతా’ అని పిలిచాం. అతను ఎదురింటి అరుగు మీది నుంచి లేవలేదు. ‘వద్దు అయ్యగారూ, ఈడ్నే మంచిగుంది’ అన్నాడు.