ఖాళీ డ్రమ్మే కదా అనుకోవద్దు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఫార్మా, రసాయన యూనిట్ల పక్క ఊళ్లలో ఘాటు వాసన వస్తే చాలు, విషం వదిలారన్న మాట పుడుతుంది. అన్ని వాసనలకూ అభయం ఇవ్వలేం కానీ, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వేసే అసిటోన్ విషయంలో మాత్రం ఈ భయం గురి తప్పింది. కీటోన్లలో అతి సాదా అయిన ఈ సాల్వెంట్‌ను మన కాలేయమే కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. షుగర్ బాగా అదుపు తప్పినవారి ఊపిరిలో ఆ వాసన తెలుస్తుంది కూడా. ఎక్కువగా పీలిస్తే కళ్ల మంట, తలనొప్పి, తల తిరగడం తప్పవు. అయినా దాని అసలు ప్రమాదం నిప్పు. ఆ సంగతి ముక్కు చెప్పదు. హాని చేసే స్థాయికి చాలా ముందే వాసన పసిగడుతుంది, కాసేపటికి అలవాటుపడి ఊరుకుంటుంది. వాసన రాలేదు కాబట్టి ముప్పు లేదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు.

అంత సాధువైతే ఇంత జాగ్రత్త దేనికని అడగొచ్చు. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది. సుమారు మైనస్ 20 డిగ్రీల చలిలోనూ నిప్పంటుకునేంత ఆవిరి వదులుతుంది. గాలికి రెట్టింపు బరువున్న ఆ ఆవిరి నేలబారున పాకి ఎక్కడో ఉన్న పొయ్యినో, స్విచ్చునో చేరుతుంది. అందుకే అందరూ నిండు డ్రమ్మును చూసి భయపడతారు, ఖాళీదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకుంటారు. లెక్క చూస్తే కథ తిరగబడుతుంది. గాలిలో అసిటోన్ ఆవిరి సుమారు రెండున్నర నుంచి 13 శాతం మధ్య ఉన్నప్పుడే మండుతుంది. 25 డిగ్రీల వేడిలో, బిగించిన నిండు డ్రమ్ము పైభాగాన ఆవిరి 30 శాతం దాకా ఉంటుంది. లోపల మండటానికి గాలి చాలదు. కారితే మాత్రం అదే పెద్ద ముప్పు, అది వేరే సంగతి. ఖాళీ డ్రమ్ములో గాలికి కొదవ లేదు, కాస్త తడి మిగిలితే చాలు. 200 లీటర్ల డ్రమ్ముకు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీస్పూన్లు. అడుగు అంచు మడతలో అంత మిగిలిపోవడం వింతేమీ కాదు. నీళ్లకు పనికొస్తుందని పైరేకుకు గ్యాస్ కట్టర్ పెడితే ఆ రేకే మనిషి మీదికి ఎగురుతుంది.

ఏళ్ల తరబడి కోస్తున్నాం, ఏమీ కాలేదంటారు. అప్పుడు తడి పూర్తిగా ఆరిపోయి ఉండవచ్చు, లేదా మరీ ఎక్కువై ఉండవచ్చు, రెండూ అదృష్టమే. నీళ్లతో కడిగామంటే, అసిటోన్ నీళ్లలో కలుస్తుంది, నిజమే. కానీ లేబుల్ చెరిగిన డ్రమ్ములో ఉన్నది అసిటోనేనని ఎలా తెలుసు? టోల్యూన్ లాంటి సాల్వెంట్ అయితే నీళ్లలో కలవదు. ఉన్నది కీటోనే అయినా, కీటోన్లన్నిటికీ ఒకే గుణం ఉండదు. 1973లో అమెరికాలోని కొలంబస్‌లో ఒక ఫ్యాక్టరీ కార్మికుల కాళ్లూ చేతులూ పట్టు తప్పాయి. అక్కడ నరాలను దెబ్బతీసింది మిథైల్ బ్యూటైల్ కీటోన్. అసిటోన్‌కు ఆ గుణం లేదు.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో, రసాయనాలు అంటిన ఖాళీ పీపాలు కూడా ఆ వ్యర్థాల జాబితాలోనే ఉన్నాయి. యూనిట్లు వాటిని అనుమతి ఉన్న సంస్థలకే అప్పగించాలి. స్క్రాప్ దుకాణంలో చవగ్గా దొరికినా అలాంటి డ్రమ్మును కొనకండి, కోయించకండి.