పెరటి రైలుకు వాన గండం

తోటలో తిరిగే బొమ్మరైలు గురించి వ్రాస్తున్నానంటే మన పత్రిక పాఠకులు కొందరు నవ్వుకోవచ్చు. ముప్పై ఏళ్ళుగా ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తున్నవాడికి ఇదేం వ్యాపకమని మా ఇంట్లోనూ అడిగారు. అయితే ప్లాంటులో నేర్చుకోని ఒక పాఠాన్ని నాకు ఈ బొమ్మరైలే నేర్పింది. ఆ కథ చెప్పడానికే ఈ ప్రయత్నం.

పట్టాల మధ్య 45 మిల్లీమీటర్ల దూరం ఉండే ఈ తరహా రైళ్ళను జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన లేమాన్ సంస్థ 1968లో 'ఎల్.జి.బి.' పేరిట ప్రవేశపెట్టింది. వీటిని ఆరుబయట నడపడానికే రూపొందించారు. ఇత్తడి పట్టాలు తడిసినా నష్టం లేదు. పట్టాలలో ప్రవహించేది కొద్ది వోల్టుల విద్యుత్తే. ఇంజను కూడా చినుకులకు బెదరదు. బెదిరేదల్లా దానిని ఆపించి, నడిపించి, పాయింట్లు మార్చే ఎలక్ట్రానిక్ వలయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు మా క్వార్టరు పెరట్లోని రెండు పెద్ద చెట్లు కూలిపోయాయి. అలా ఖాళీ అయిన స్థలంలో, జర్మనీలో ఉంటున్న మా బావమరిది తెచ్చిన పాత సెట్టును రెండేళ్ళ తరువాత అమర్చుకున్నాము. అప్పుడు ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి తానే సర్క్యూటు గీసి, తానే సోల్డరింగు చేసి ఒక కంట్రోలు బోర్డు తయారుచేసింది. రైలు స్టేషను చేరగానే ఇరవై సెకన్లు ఆగేది, సిగ్నలు పచ్చబడితే కదిలేది. 2018లో ఉద్యోగరీత్యా ఆమె బెంగుళూరు వెళుతూ, "నాన్నా, బోర్డు జాగ్రత్త" అని ఒక్క మాట చెప్పింది.

జాగ్రత్త అనేది నా వృత్తి కదా! ఐ.పి. 67 తరగతి ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొన్నాను. ఆ అంకెలలో 6 అంటే ధూళి చొరబడదని, 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా హాని కలగదని అర్థం. అది చాలదన్నట్లు మూత అంచుల వెంట సిలికాన్ సీలెంటు కూడా పూసి, పట్టాల పక్కన ఎండలో బిగించాను. అక్టోబరులో రైలు ఆగిపోయింది. పెట్టె విప్పి చూస్తే అడుగున రెండు చెంచాల నీళ్ళు! రాగి గీతలు పచ్చగా చిలుము పట్టి, ఐ.సి. కాళ్ళు తాకితే రాలిపోయాయి.

పదవీ విరమణ చేసిన మా సీనియర్ టెక్నీషియన్ ఒకరిని పిలిచి చూపించాను. ఆయన పెట్టెను తిరగేసి చూసి, "నీళ్ళు రాకుండా చేశారు సార్, బాగానే ఉంది. వచ్చిన నీళ్ళు పోయే దారేది?" అన్నారు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మధ్యాహ్నపు ఎండలో పెట్టె లోపలి గాలి 55 డిగ్రీలకు చేరిందనుకుందాం. వేడెక్కిన గాలి వ్యాకోచించి, సన్నని సందుల గుండా కొంత బయటకు పోతుంది. అంతలో వాన కురిసి పెట్టె 25 డిగ్రీలకు చల్లబడితే లోపలి పీడనం దాదాపు 9 శాతం పడిపోతుంది. ఇది సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు నీటి స్తంభం కలిగించే పీడనానికి సమానం. అంటే తడిసిన రబ్బరు గ్యాస్కెట్టు వద్ద నిలిచిన నీటిని పెట్టె స్వయంగా లోపలికి పీల్చుకుంటుందన్నమాట. అరగంట పరీక్షకు నిలిచిన గ్యాస్కెట్టు, ఎండకు గట్టిపడి, నెలల తరబడి ప్రతిరోజూ అదే పరీక్ష ఎదుర్కోవాలి. ఒక్క సన్నని సందు చాలు. నీరు లోపలికి వచ్చాక తిరిగి పోయే మార్గం లేకుండా చేసిన ఘనత మాత్రం నాదే.

మరో దొంగదారి తీగలు. అనేక సన్నని పోగులు గల తీగలో, ఇన్సులేషను లోపల పోగుల మధ్య నుండి నీరు కేశనాళికత్వం వల్ల చాలా దూరం ప్రాకుతుంది. మా తీగ ఒలిచి చూస్తే జానెడు మేర రాగి నల్లబడి ఉంది.

మరుసటి సంక్రాంతికి అమ్మాయి వచ్చి కొత్త బోర్డు చేసింది. ఏమీ అనలేదు, అందువల్ల నాకు మరింత సిగ్గుగా ఉండింది. ఈసారి పద్ధతి మార్చాము. పెట్టె అడుగున ఆరు మిల్లీమీటర్ల రంధ్రం చేశాము. అంతకంటే మరీ సన్నదైతే తలతన్యత వల్ల నీటిబొట్టు అక్కడే నిలిచి రంధ్రాన్ని మూసివేస్తుంది. తీగలన్నీ అడుగు నుండే లోపలికి వెళతాయి. వెళ్ళేముందు కిందికి వ్రేలాడి 'యు' ఆకారంలో వంగుతాయి కనుక జారిన నీరు అక్కడే కారిపోతుంది. పెట్టె మీద పెద్ద మట్టికుండ ఒకటి బోర్లించాము. వాన కోసం కాదు, ఎండ కోసం. పగటి వేడి తగ్గితే పెట్టె పీల్చే గాలీ తగ్గుతుంది. వాతావరణ శాఖవారు ఉష్ణమాపకాన్ని తెల్లని జాలీ పెట్టెలో నీడన ఉంచేది ఊరకే కాదు.

బోర్డును శుభ్రంగా కడిగి ఆరబెట్టి, కనెక్టర్లకు టేపు అంటించి, అక్రిలిక్ పూత రెండుసార్లు కొట్టాము. ప్లాంటులో మోటార్లకూ ప్యానెళ్ళకూ స్పేస్ హీటరు పెట్టడం మనకు తెలిసినదే. అదే సూత్రంతో 24 వోల్టుల సరఫరాపై 120 ఓముల నిరోధకం ఒకటి పెట్టె లోపల అమర్చాము. అది ఇచ్చే ఐదు వాట్ల లోపు వెచ్చదనం తెల్లవారుజామున తేమ చెమర్చకుండా కాపాడుతుంది. సిలికా జెల్ సంచి వేయవచ్చు కదా అని మిత్రులు అడిగారు. గాలి పీల్చే పెట్టెలో అది కొద్ది వారాలలోనే తేమతో నిండిపోతుంది. తరువాత అది ఉత్త బరువు. సీలెంటు వాడక తప్పనిచోట పూసేటప్పుడు వెనిగరు వాసన వచ్చే రకం వద్దు. దాని నుండి వెలువడే ఎసిటిక్ ఆమ్లం రాగిని తింటుంది. మొదటిసారి నేను పూసింది ఆ రకమే.

రంధ్రం ఉంటే చీమలు రావా? వస్తాయి. పూర్వం వంటింటి బీరువా కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టినట్లే, పెట్టెను నిలిపిన ఊచకూ తీగలకూ గ్రీజు పట్టీ పూస్తున్నాము.

నిజానికి అన్నిటికంటే మేలైన రక్షణ బోర్డును వరండాలో ఉంచి, బయట గాజునాళికలో మూసిన రీడ్ స్విచ్చులు మాత్రమే అమర్చడం. గాజులోని స్విచ్చుకు వానతో పనిలేదు. ఇంజను కింది అయస్కాంతం దాటగానే పనిచేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేనిచ్చే సలహా ఇదే. ఉరుములు వినగానే తోటలోని తీగలను ఇంటి సరఫరా నుండి ప్లగ్గు లాగి వేరుచేయడం కూడా మరువరాదు.

మేము మాత్రం బోర్డును పట్టాల పక్కనే ఉంచుకున్నాము. ఆరు వర్షాకాలాలు గడిచాయి. ఏటా మృగశిర కార్తె ముందు కుండ ఎత్తి, పెట్టె విప్పి, ఫోటో తీసి అమ్మాయికి పంపుతాను. ఒకసారి లోపల ఖాళీ బల్లిగుడ్డు పెంకు కనిపించింది. ఆ ఫోటో చూసి ఆమె, "పెట్టె పొడిగానే ఉందన్నమాట" అని వెంటనే ఫోన్ చేసింది.